ఉరితీయబడిన ఒప్పందం

ఆ మంగళవారం పొద్దున కనకయ్య పెట్టుకున్నది చాలా చిన్న పని. సిరిసిల్లలో ఆరున్నర బస్సెక్కి, జగిత్యాలలో దిగి, వకీలు గోపాల్ రావు చేత నాలుగు పేజీల కాగితం చదివించుకొని, అన్నం వేళకు ఇల్లు చేరాలి. అంతే. ఆ పని మీద పోయి మరునాడు పొద్దెక్కేదాకా పోలీసు ఠాణాలో ఉంటావని ఎవరైనా చెప్పి ఉంటే, కనకయ్య ముందు వాణ్ణి కొట్టి, ఎందుకలా అన్నావని తరువాత అడిగేవాడు. ఆయన తీరు అది.

ఆయనకు ఎనిమిది సాంచెలు ఉన్నాయి. బట్ట నేసే కరెంటు మగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. నాలుగు నెలలుగా వాటిలో సగం ఆగిపోయి ఉన్నాయి. వాటి మీద బతికే ఐదు కుటుంబాల వాళ్ళు రోజూ వచ్చి వాకిట్లో కూర్చొని, ఏమీ అడగకుండా లేచిపోతున్నారు. అడిగితే కోప్పడవచ్చు. అడగకపోవడంతో కనకయ్య కోపానికి దారి లేకుండా పోయి, ఇంట్లో చెంబుల మీదా తలుపుల మీదా పడుతోంది.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే పల్చటి గుడ్డ కావాలట. ఏడాది పొడుగునా ఎనిమిది సాంచెలకూ పని. ఇంగ్లీషులో టైపు కొట్టిన కాంట్రాక్టు ముందు పెట్టి, ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని సంతకాల చోట్లు వేలితో చూపించాడు.

"ఏమున్నది గిండ్ల?" అని అడిగాడు కనకయ్య.

"అంతా మామూలేనండీ. అందరితో రాయించుకునేదే. స్టాండర్డ్."

'మామూలే' అన్న మాట వినగానే కనకయ్యకు నషాళానికి అంటింది. రెండేళ్ళ కింద ఒక ఆఫీసులో ఇలాగే మామూలే అంటే చదవకుండా సంతకం పెట్టాడు. నెల తిరిగేసరికి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నందుకు అభినందిస్తూ ఇంటికి ఒక ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. ఆపరేషను జరగలేదని వాడకట్టులో ఒక్కొక్కరికీ చెప్పుకోలేక చచ్చాడు.

"చదివిచ్చినంకనే సంతకం," అన్నాడు. "గురువారం దాంక ఆగు."

"గురువారం దాటితే వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం మరి," అని ఏజెంటు సిరిసిల్లలోనే లాడ్జిలో దిగాడు.

బయలుదేరేటప్పుడు భార్య కళావతి సంచిలో నీళ్ళసీసా పెడుతూ, "జగిత్యాల్ల ఎవల మీదా కోపం తెచ్చుకోకయ్యా," అంది.

"నేనెప్పుడు కోపం తెచ్చుకున్ననే?" అని కనకయ్య అరిచిన అరుపుకు పక్కింటి సాంచె ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

జగిత్యాలలో గోపాల్ రావు లేడు. గుమాస్తా పేపరు లోంచి తల ఎత్తకుండా, "సారు పెండ్లికి పోయిండు. రేపు రా," అన్నాడు.

"ఎవల పెండ్లి?"

"నీకెందుకయ్యా?"

"పని దినం నాడు పెండ్లి పెట్టుకున్నోడు ఎవడో తెలుసుకుందామని!"

గోపాల్ రావు సారంగాపూర్ దిక్కు దొరల కుటుంబం. రెండేళ్ళ నాడు ఊరు విడిచి జగిత్యాలలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. అందరూ ఆయనను దొరా అంటారు. కనకయ్య ఒక్కడే పంతం పట్టి 'వకీలు సాబ్' అంటాడు. అలాంటివాడి గుమ్మంలో రేపటి దాకా కాచుకొని ఉండడం ఆయన వల్ల కాలేదు. కోరుట్లలో బామ్మర్ది ఉన్నాడు కదా, ఇంగ్లీషు పంతులు! ఆ బస్సే ఎక్కాడు.

కళావతి తమ్ముడు పరశురాములు ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాడు. పదకొండేళ్ళుగా చెబుతున్నా, బడి బయట ఒక్క మనిషి వచ్చి నీ ఇంగ్లీషు నాకు కావాలని అడిగిన పాపాన పోలేదు. కాగితం చూడగానే ఆయన కళ్ళు చెమర్చినంత పనైంది. కాళ్ళూ చేతులూ కడుక్కొని వచ్చి, దిండంత నిఘంటువు ముందు పెట్టుకొని, చాప మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"సదివి చెప్పరా, చాలు," అన్నాడు కనకయ్య.

"నోటి మాట గాలికి పోతది బావా. రాసిస్త. ఒక్క మాట ఇడువ. ఇంగ్లీషుల ఎన్ని మాటలున్నయో తెలుగుల గన్ని మాటలు లెక్కకు రావాలె."

ఇంట్లో ఉన్నది పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను. దానితోనే మొదలుపెట్టాడు. ప్రతి మాటకూ నిఘంటువు తీసి, మొదట ఏ అర్థం ఉంటే అది రాశాడు. రెండో అర్థం జోలికి పోలేదు. మొదటిది తప్పయితే మొదట ఎందుకు వేస్తారన్నది ఆయన వాదన. రెండున్నర గంటల తరువాత గొంతు సవరించుకొని చదివాడు.

"'మొదటి పార్టీయు, రెండవ పార్టీయు ఈ ఒప్పందము లోపలికి ప్రవేశించి, ఇద్దరు సాక్షుల ఎదుట దీనిని ఉరితీసినవి.'"

"ఉరా? ఎవలకు?"

"ఒప్పందానికి బావా."

"కాయిదాన్ని ఎట్ల ఉరితీస్తర్రా?"

"ఇంగ్లీషోళ్ళు ఏదన్న చేస్తరు. ఇను. 'రెండవ పార్టీ గాయములకు కట్టు గుడ్డను మొదటి పార్టీకి చేరవేయును. రెండవ పార్టీ కట్టివేయబడును. అది గండి కొట్టినను, కొట్టకున్నను, మొదటి పార్టీ దానిని ఏ సమయమందైనను నోటీసు లేకుండ అంతము చేయవచ్చును. నేటి నుండి బలప్రయోగము మొదలగును.'"

"రెండో పార్టీ ఎవలు?"

"నువ్వే."

కనకయ్య లేచి నిలబడ్డాడు. "నన్ను కట్టేసి అంతం చేస్తడా? గా లాడ్జిల పండుకున్న బక్కోడు? సంతకం పెట్టుమని వేలు సూపెట్టిండు గదరా నాకు! ఆ వేలు ఇరుస్త!"

"అన్నా, అన్నం తిని పో," అని పరశురాములు భార్య నీల వంటింట్లోంచి కేక వేసింది.

"వాని వేలు ఇరిచినంక తింట!"

ఎర్ర సిరా కాగితాలు లాక్కొని చొక్కా జేబులో కుక్కుకొని, సిరిసిల్ల బస్సు కోసం ఉరికాడు. ఇంగ్లీషు అసలు కాగితం చాప మీదనే ఉండిపోయింది.

ఆ కాలంలో ఆ జిల్లాలో పార్టీ అంటే ఒకటే పార్టీ. ఓట్లు అడిగే పార్టీలకు పేర్లు పెట్టి చెప్పాలి. ఉత్త పార్టీ అంటే అడవిలో ఉండే అన్నలది. వాళ్ళ ఉత్తరాలు ఎర్ర సిరాతో వస్తాయని జనంలో ఒక నమ్మకం. కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే దారిలో గుట్టల మధ్య పోలీసులు బస్సు ఆపి, ఒక్కొక్కరి సంచీ తడిమి చూసే రోజులు. ఆ సాయంత్రం కూడా ఆపారు.

కనకయ్య సంచిలో ఖాళీ సీసా తప్ప ఏమీ లేదు. దిగిపోబోయిన కానిస్టేబులు, చొక్కా జేబులోంచి పొడుచుకొని వచ్చిన కాగితం చూసి లాగాడు. మొదటి వరుస చదివాడు. రెండో వరుస చదివాడు. తుపాకి చేతికి తీసుకున్నాడు.

"దిగు."

"ఎందుకు దిగాలె? టికెట్టు కొన్న!"

బస్సులో ఉన్నవాళ్ళంతా కిటికీల వైపు తిరిగి, గుట్టలను అంతకు ముందెన్నడూ చూడనట్టు చూడసాగారు.

ఠాణా ఏ ఊరిదో చెప్పడం అనవసరం. అక్కడి ఎస్సై కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలయింది. ఆ మూడు నెలల్లో ఒక్క కేసు కూడా దొరకలేదని పైవాళ్ళు రోజూ తిడుతున్నారు. ఆయనా కోపం మీదనే ఉన్నాడు. ఎర్ర కాగితం రెండుసార్లు చదివి, బల్ల మీద పెట్టి, దాని మీద లాఠీ పెట్టాడు.

"మొదటి పార్టీ ఎవరు?"

"హైద్రాబాద్ల ఉంటరు సార్."

"రెండో పార్టీ?"

"నేనే!"

ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి ఆయన సర్వీసులో చూడలేదు. "గాయాలకు కట్టే గుడ్డ చేరవేస్తున్నావా?"

"ఇంక చేరెయ్యలే. చేరేద్దామనే అనుకున్న. నా ఎనిమిది సాంచెలు నడవాలె గద!"

"సంచులు నడవడమేంటి? ఎనిమిది సంచుల్లో ఏమున్నాయి?"

"సంచులు గాదు సార్, సాంచెలు! ఎనిమిదీ టకటకా కొట్టుకుంటుంటయి."

"టకటకా కొట్టేవా?" ఎస్సై లేచి నిలబడ్డాడు. "ఎక్కడ దాచావు?"

"దాసుడెందుకు? ఇంట్లనే ఉన్నయి. వాడకట్టుల ప్రతి ఇంట్ల ఉన్నయి. సిరిసిల్ల మొత్తం గవే!"

ఎస్సై ఆ రాత్రివేళ టెలిఫోను అందుకొని సర్కిల్ ఇన్స్పెక్టరుతో మాట్లాడాడు. చాలా పెద్దది దొరికింది సార్ అన్నాడు. పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న రైటర్ సత్తయ్య ఆ ప్రాంతంవాడే. సాంచె అంటే ఏమిటో ఆయనకు తెలుసు. "సార్, సాంచె అంటే..." అని నోరు తెరిచాడు. "నువ్వు రాసుకో!" అని ఎస్సై గద్దించాడు. సత్తయ్య రాసుకున్నాడు. అయితే ఎస్సై టీకి లేచినప్పుడు, కనకయ్య పదే పదే అరుస్తున్న జగిత్యాల వకీలు పేరు పట్టుకొని, ఆ ఇంటికి ఫోను మాత్రం చేశాడు.

ఎర్ర కాగితం రాసినవాడి కోసం జీపు కోరుట్ల పోయి పరశురాములును ఎక్కించుకొని వచ్చింది. ఆయన ఇంగ్లీషు అసలు కాగితాన్ని గుండెలకు హత్తుకొని వచ్చాడు. అది చూపిస్తే అంతా తేలిపోతుందనుకున్నాడు. ఎస్సై రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. 'పార్టీ' ఉంది. 'ఎగ్జిక్యూట్' ఉంది. 'టెర్మినేట్' ఉంది. 'ఫోర్స్' ఉంది. ఆయన ఇంగ్లీషూ పరశురాములు ఇంగ్లీషూ ఒకే బావి నీళ్ళు. ఒక్కో వరుస పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయి, చివర 'కరెక్ట్' అని రాశాడు.

"తర్జుమా సరిగ్గానే ఉంది. ఇద్దర్నీ లోపల వెయ్యండి."

లోపల పడ్డాక పరశురాములు, అప్పటికే అక్కడున్న ఒక కోళ్ళదొంగ పక్కన చోటు చేసుకొని కూర్చున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు. "బావా, సారే సరిగ్గ ఉందన్నడు."

ఆ రోజుల్లో ఠాణాలోకి పోయినవాడు ఇంటికి వస్తాడో, పేపరులోకి వస్తాడో చెప్పలేని మాట. కనకయ్యకు భయం వేసింది. భయపడినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఐదు కుటుంబాలకు పని కావాలని బయలుదేరినవాడు ఇక్కడ గోడకు ఆనుకొని ఎందుకు కూర్చోవాలి? ఎవడో ఒకడు తనకు అర్థం కాని భాషలో రాస్తాడు, ఇంకొకడు అర్థమైనట్టు చదువుతాడు, మూడోవాడు లాఠీ పెడతాడు. ముగ్గురికీ ఆయన మీదనే అధికారం. పళ్ళు కొరుక్కుంటూ తెల్లవార్చాడు.

సిరిసిల్ల బస్టాండులో కండక్టరు చెప్పగా కళావతికి సంగతి తెలిసింది. ఆమె ఏడవలేదు. తెల్లవారగానే లాడ్జికి పోయి ఏజెంటు తలుపు బాదింది. "నీ కాయిదంతోనే నా పెనిమిటిని పట్టుకపోయిండ్రు. నడువు."

"నాకేం సంబంధమమ్మా?" అన్నాడు ఏజెంటు.

ఆమె వెనుక ఐదు కుటుంబాల వాళ్ళూ మెట్ల నిండా నిలబడి ఉన్నారు. ఎప్పటిలాగే ఏమీ అడగలేదు. ఏజెంటు చెప్పులు వేసుకున్నాడు.

తొమ్మిది గంటలకు ఠాణాలో అతణ్ణి చూసి ఎస్సై, "నువ్వెవరు?" అన్నాడు.

"ఈ అగ్రిమెంటులో ఫస్ట్ పార్టీ మేమేనండీ."

"కూర్చో," అన్నాడు ఎస్సై. కూర్చోగానే ఇద్దరు కానిస్టేబుళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు. రాత్రంతా వెతకాలనుకున్న మొదటి పార్టీ నడుచుకుంటూ వచ్చింది.

అంతలో గోపాల్ రావు జగిత్యాల నుంచి వచ్చి దిగాడు. పెళ్ళి భోజనం ఇంకా అరగని ముఖంతో కళ్ళద్దాలు పెట్టుకొని, ఎర్ర కాగితం అందుకొని మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ సగంలో ఆపేశాడు.

"ఇన్స్పెక్టర్ గారూ, ఇది పార్టీది కాదు."

"మీరెలా చెప్పగలరు?"

"నాకు వచ్చింది కాబట్టి. రెండేండ్ల కింద నాకు నిజమైన ఉత్తరమే అచ్చింది. మంచి తెలుగు. ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్కసారి సదివిన, అర్థమయింది, తెల్లారి ఊరు ఇడిచిన. గింత ఘోరమైన తెలుగు వాళ్ళు రాయరు."

లోపలి నుంచి పరశురాములు, "ఒక్క మాట ఇడువలే సార్!" అన్నాడు.

"గదే నువ్వు చేసిన తప్పు పంతులూ. మాటల్ని విడివిడిగ పట్టుకున్నవు. మనకాడ మాట ఇస్తరు, మాట తప్పుతరు, మాట పడుతరు. మాట పడ్డడంటే మాట కింద పడిందనా? ఇంగ్లీషుల కాంట్రాక్టు మాటలు గట్లనే జంటలుగ తిరుగుతయి. ఎగ్జిక్యూట్ అన్నది మనిషి పక్కన చేరితే ఉరి. కాంట్రాక్టు పక్కన చేరితే సంతకాలు పెట్టి ఖరారు చేసుడు."

"టెర్మినేట్?"

"రద్దు చేసుకొనుడు."

"బ్రీచ్?"

"మాట తప్పుడు. పార్టీ అంటే ఒప్పందం చేసుకున్న మనిషి. ఫోర్సులకు వచ్చుడంటే అమలుకు వచ్చుడు."

ఎస్సై బల్ల మీది కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. పెన్సిలు టిక్కుల మీద అరచెయ్యి పెట్టాడు. సత్తయ్య, సందు దొరికింది కదా అని, "సాంచె అంటే కరెంటు మగ్గం సార్," అన్నాడు. ఎస్సై ముఖం ఎర్ర సిరా రంగుకు తిరిగింది. తాళం తీయించాడు.

కనకయ్య బయటికి వచ్చాడు. అరుస్తాడని కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అరవలేదు. "వకీలు సాబ్, మాటలకు అర్థం చెప్పిండ్రు. మంచిది. ఇప్పుడు గా ఇంగ్లీషు కాయిదం మొత్తం సక్కగ సదువుండ్రి. నాకు ఎరుక కావాలె."

గోపాల్ రావు చదువుతూ పోయి ఏడో అంశం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నిదానంగా చదివాడు. ఐదేళ్ళ దాకా కనకయ్య ఆ సాంచెల మీద వేరే ఎవరి గుడ్డా నేయరాదు. కంపెనీ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా, రద్దు చేసుకోవచ్చు. రద్దయిన తరువాత కూడా కనకయ్య ఆ ఐదేళ్ళు పూర్తయ్యేదాకా వేరే పని పట్టరాదు. పడితే సాంచెలు కంపెనీవి.

కనకయ్య ఎర్ర సిరా కాగితం వైపు వేలు చూపించాడు.

"మా బామ్మర్ది ఉరి అని రాసిండు," అన్నాడు కనకయ్య. ఆయన గొంతు అంత మెల్లగా పలకడం కళావతి పెళ్ళయిన తరువాత వినలేదు. "నన్ను కట్టేసి, నోటీసు లేకుంట అంతం చేస్తరని రాసిండు. తప్పెక్కడున్నది వకీలు సాబ్?"

గోపాల్ రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది... అందరితో రాయించుకునే స్టాండర్డ్ క్లాజేనండీ," అన్నాడు ఏజెంటు.

"స్టాండర్డా!" అరిచింది కనకయ్య కాదు, ఎస్సై. లాఠీతో బల్ల మీద ఒక్కటి కొట్టాడు. "నీ స్టాండర్డ్ వల్ల రాత్రి సర్కిల్ గారిని నిద్ర లేపి, ఆయుధాల డంపు దొరికిందని చెప్పాను! ఇప్పుడు గుడ్డ మగ్గాలని చెప్పాలి నేను! పన్నెండింటికి ఆయన ఇక్కడికి వస్తున్నాడు!" రాత్రి నుంచీ పేరుకున్న కోపానికి ఆయనకూ ఒక మనిషి దొరికాడు.

ఏజెంటు తన రెండు వైపులా ఉన్న కానిస్టేబుళ్ళను చూశాడు. గుమ్మం అవతల నిలబడిన ఐదు కుటుంబాలను చూశాడు. "ఎలా కావాలంటే అలా రాసుకుందామండీ," అన్నాడు.

"తెలుగుల రాయాలె," అన్నాడు కనకయ్య. "ఏడాదికే రాయాలె. ఆపుకోవాలంటే ఎవలైనా రెండు నెలల ముందు చెప్పాలె. నా సాంచెలు నాయి."

పరశురాములు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"వద్దు!" అని ఠాణా మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. లాకప్పులో మిగిలిన కోళ్ళదొంగ కూడా అరిచాడు.

చివరికి రాసే పని రైటర్ సత్తయ్య మీద పడింది. గోపాల్ రావు చెబుతూ ఉంటే సత్తయ్య గుండ్రటి అక్షరాలతో రాశాడు. అయితే పంతొమ్మిదేళ్ళుగా ఆయన రాసింది ఒకే రకం తెలుగు. ఠాణాకు వచ్చిన కాగితంలో ఇద్దరు మనుషులుంటే ఒకరు ఫిర్యాది, రెండోవాడు ముద్దాయి. ఇంకో రకం మనుషులు ఆయనకు తెలియరు. రాసింది పైకి చదివాడు. "'సదరు ముద్దాయి కంపెనీ వారు, ఫిర్యాది కనకయ్య యొక్క ఎనిమిది సాంచెలకు సంవత్సరము పొడుగునా పని ఇచ్చుటకు తమ ఇష్టపూర్వకముగా అంగీకరించినారు.'"

"ముద్దాయి అని పడిందండీ," అన్నాడు ఏజెంటు గొణుగుతూ.

"పడనీ," అన్నాడు ఎస్సై. "సంతకం పెట్టు."

ముద్దాయి అని ఉన్నచోట ఏజెంటు సంతకం పెట్టి, కంపెనీ ముద్ర వేశాడు. కనకయ్య ప్రతి వరుసా వేలు పెట్టి చదువుకొని, రెండుసార్లు చదువుకొని, సంతకం చేశాడు. సాక్షులుగా గోపాల్ రావు, సత్తయ్య చేశారు. సర్కిలు వచ్చేలోగా అందరూ ఖాళీ చేయాలని ఎస్సై స్వయంగా బస్సు ఆపి ఎక్కించాడు.

మరుసటి సోమవారం నుంచి ఎనిమిది సాంచెలూ నడిచాయి. ఆ ఏడాదంతా కంపెనీ ఒక్క గజం గుడ్డ కూడా తిప్పి పంపలేదు. పైగా తెలుగు అసలు రాని కంపెనీ మేనేజరు, మొదటి పార్టీకి తెలుగులో అదే మాట కాబోలనుకొని, కనకయ్యకు రాయించిన ప్రతి ఉత్తరం కిందా 'ఇట్లు, తమ ముద్దాయి' అని ఎంతో మర్యాదగా సంతకం చేసేవాడు.